చెన్నై–హైదరాబాదు: నేలమీద దూరం, నింగిలో కాలం

చెన్నై నుంచి హైదరాబాదు ఎంత దూరమన్న ప్రశ్నకు రైల్వే పట్టిక ఒక సమాధానం, రోడ్డు పటం మరొక సమాధానం, విమాన మార్గపు లెక్క వేరొక సమాధానం ఇస్తాయి, ఆ మూడూ నిజమే. విజయవాడ, వరంగల్లు, కాజీపేటల మీదుగా వెళ్ళే రైలు చెన్నై సెంట్రల్ నుంచి సికింద్రాబాదు చేరేసరికి సుమారు 780 కిలోమీటర్లు నడుస్తుంది. నెల్లూరు, ఒంగోలు దాటి అద్దంకి, నార్కట్‌పల్లిల మీదుగా వెళ్ళే రోడ్డు దాదాపు 630 కిలోమీటర్లు ఉంటుంది. చెన్నై మీనంబాక్కం విమానాశ్రయానికీ హైదరాబాదు శంషాబాదు విమానాశ్రయానికీ నడుమ భూతలం మీద గీయగల అతి పొట్టి గీత మాత్రం సుమారు 506 కిలోమీటర్లే. జెట్ విమానం గంటకు 830 కిలోమీటర్ల వేగంతో పోతుందని తెలిసినవారు ఆ 506ను ఈ వేగంతో భాగించి ప్రయాణం 37 నిమిషాల్లో ముగియాలనుకుంటారు, కాని విమానయాన సంస్థల కాలపట్టికలు గంటా పది నుంచి గంటా ఇరవై అయిదు నిమిషాల దాకా చూపుతాయి, ఇక చెన్నైలోని పురసవాక్కం పేటలో ఇంటి తలుపు వేసి బయలుదేరిన మనిషి సికింద్రాబాదులో బంధువుల ఇంటి గుమ్మం తొక్కేసరికి అయిదారు గంటలు గడిచిపోతాయి. ఈ అంకెల మధ్య ఉన్న ఎడం ఎవరి పొరపాటూ కాదు, ఒక్కొక్క అంకె ఒక్కొక్క ప్రయాణాన్ని కొలుస్తుంది. ఏది దేన్ని కొలుస్తుందో తెలుసుకోవడమే ఇక్కడ ముఖ్యం.

ఉత్తర చెన్నైలో తరతరాలుగా స్థిరపడిన తెలుగువారికి ఈ దూరం పటం మీది గీత మాత్రమే కాదు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడే నాటి వరకు వారు తమ రాజధానిలోనే ఉన్నారు. ఆ తరువాత రాజధాని కర్నూలుకు, 1956 నవంబరు 1న హైదరాబాదుకు తరలిపోగా, ప్రభుత్వ కార్యాలయాలు, విశ్వవిద్యాలయాల పనులు, ఉద్యోగాలు, వాటి వెంట బంధువర్గంలో ఒక భాగం అటు సాగిపోయాయి. తెలుగు చలనచిత్ర పరిశ్రమ కూడా మెల్లమెల్లగా అదే దారి పట్టింది, 1976లో అక్కినేని నాగేశ్వరరావు హైదరాబాదులో అన్నపూర్ణ స్టూడియోస్ ప్రారంభించడం ఆ వలసలో ఒక గుర్తుండే మలుపు. చెన్నైలోని కోడంబాక్కం స్టూడియోలకూ హైదరాబాదుకూ మధ్య కొన్ని దశాబ్దాల పాటు నటులు, సాంకేతిక నిపుణులు చేసిన రాకపోకలు ఈ విమాన మార్గాన్ని తెలుగువారి ఇళ్ళలో పరిచితమైన మాటగా మార్చాయి.

అతి పొట్టి గీత 506 కిలోమీటర్లని ఎలా తేలిందో కాగితం మీద ఎవరైనా సరిచూసుకోవచ్చు. భూమధ్యరేఖ నుంచి ఉత్తరానికో దక్షిణానికో ఎంత కోణం జరిగామో చెప్పేది అక్షాంశం, గ్రీనిచ్ నుంచి తూర్పుకో పడమరకో ఎంత జరిగామో చెప్పేది రేఖాంశం. చెన్నై విమానాశ్రయం సుమారు 12.99 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 80.17 డిగ్రీల తూర్పు రేఖాంశాల దగ్గర ఉంది, శంషాబాదు 17.24, 78.43 డిగ్రీల దగ్గర ఉంది. అంటే చెన్నై నుంచి ఉత్తరానికి నాలుగుంపావు డిగ్రీలు, పడమరకు ఒకటిముప్పావు డిగ్రీలు పోవాలి. ఈ ప్రాంతంలో ఒక అక్షాంశ డిగ్రీ దాదాపు 110.6 కిలోమీటర్లు కాబట్టి ఉత్తరపు నడక 470 కిలోమీటర్లవుతుంది. రేఖాంశ రేఖలు ధ్రువాల వైపు పోయేకొద్దీ దగ్గరపడతాయి కనుక 15 డిగ్రీల అక్షాంశం వద్ద ఒక రేఖాంశ డిగ్రీ 107.5 కిలోమీటర్లకు తగ్గుతుంది, ఆ లెక్కన పడమటి నడక 188 కిలోమీటర్లు. ఈ రెండింటినీ లంబకోణ త్రిభుజపు రెండు భుజాలుగా తీసుకుని, వాటి వర్గాల మొత్తానికి వర్గమూలం కడితే 506 వస్తుంది. దగ్గరి ఊళ్ళకు ఈ బడి లెక్క చాలు, దూరపు నగరాలకు మాత్రం భూమి గుండ్రదనాన్ని పూర్తిగా లెక్కలోకి తీసుకోవాలి. భూకేంద్రం గుండా పోయే తలం భూమి ఉపరితలాన్ని కోసే గీతను మహావృత్తం అంటారు, రెండు స్థలాల నడుమ అతి పొట్టి దారి ఎప్పుడూ ఆ మహావృత్తం మీదే ఉంటుంది. విమాన చోదకులు కిలోమీటర్లకు బదులు నాటికల్ మైలు వాడటానికి కారణమూ ఈ కోణాల లెక్కే: ఒక అక్షాంశ డిగ్రీలో అరవయ్యో వంతు దాదాపు ఒక నాటికల్ మైలు, అంటే 1.852 కిలోమీటర్లు, ఆ కొలతలో చెన్నై–హైదరాబాదు దూరం 273 మైళ్ళు.

ఇంత తేలికగా చేయగలిగిన ఈ లెక్క వెనుక ఎంత కష్టపు కొలత ఉందో చెప్పేటప్పుడు మళ్ళీ చెన్నైకే, అదీ నేటి విమానాశ్రయం పక్కకే రావలసి ఉంటుంది. స్థానికులు పరంగిమలై అని పిలిచే సెయింట్ థామస్ మౌంట్ దగ్గర 1802 ఏప్రిల్ 10న విలియం లాంబ్టన్ అనే సర్వేయరు ఒక ఆధార రేఖను కొలవడం మొదలుపెట్టాడు. ఆధార రేఖ అంటే నేల మీద గొలుసు పరిచి నేరుగా కొలిచే మొదటి గీత; దాని పొడవు కచ్చితంగా తెలిస్తే, దాని రెండు చివరల నుంచి దూరంగా కనిపించే గుట్టనో గోపురాన్నో థియోడొలైట్ అనే కోణమాపక యంత్రంతో చూసి, మిగిలిన దూరాలన్నిటినీ గొలుసు అవసరం లేకుండా త్రిభుజాల లెక్కతో రాబట్టవచ్చు. ఏడున్నర మైళ్ళ ఆ గీతను వంద అడుగుల ఉక్కు గొలుసుతో, ఎండకు లోహం వ్యాకోచించే మేరకు ఉష్ణమాపకాలు చూసి సవరించుకుంటూ, వారాల తరబడి కొలిచారు. అర టన్ను బరువున్న థియోడొలైట్‌ను ఊరూరా మోసుకుంటూ ఆ త్రిభుజాల గొలుసును ముందు పడమటి తీరం దాకా పొడిగించినప్పుడు, అప్పటి పటాలు మద్రాసుకూ మంగుళూరుకూ నడుమ 400 మైళ్ళని చూపుతున్న వెడల్పు నిజానికి 360 మైళ్ళేనని తేలింది. రెండు ప్రసిద్ధ రేవుల నడుమ 40 మైళ్ళ తప్పు అంతకాలం ఎవరికీ కనపడకుండా ఉండిపోయింది. తరువాతి సంవత్సరాల్లో ఈ కొలత ఉత్తరానికి, నిజాం రాజ్యంలోకి సాగింది; 1818 చివర జార్జి ఎవరెస్టు సహాయకుడిగా వచ్చి లాంబ్టన్‌తో చేరినది హైదరాబాదులోనే. మద్రాసుకూ హైదరాబాదుకూ నడుమ ఆకాశం దూరమెంతో ఎవరూ ఎగరని కాలంలోనే తెలుసుకోవడానికి దారి వేసినవి ఈ త్రిభుజాలే, ఇప్పటికీ చెన్నైలో దిగే విమానం కిటికీలోంచి ఆ కొలత మొదలైన కొండ కనిపిస్తూనే ఉంటుంది.

దూరం లాగే కాలాన్ని కొలిచే పనికీ పురసవాక్కం చుట్టుపక్కల నేలకు సంబంధం ఉంది. పొరుగునే ఉన్న ఎగ్మూరులో విలియం పెట్రీ అనే ఈస్టిండియా కంపెనీ అధికారి 18వ శతాబ్దం చివర సొంత ఖర్చుతో పెట్టుకున్న ఖగోళ పరిశీలనశాల, కంపెనీ చేతికి వచ్చి 1792లో నుంగంబాక్కంలో కొత్త కట్టడంలో స్థిరపడింది. అక్కడి గ్రానైటు స్తంభం మీద ఆ స్థాపనను గురించిన శాసనం తమిళం, తెలుగు సహా పలు భాషల్లో చెక్కి ఉంది. ఆ పరిశీలనశాల రేఖాంశం ఆధారంగా నిర్ణయించిన మద్రాసు కాలం గ్రీనిచ్ కంటే 5 గంటల 21 నిమిషాలు ముందుండేది, 1870 నుంచి దేశంలోని రైళ్ళన్నీ దాన్నే పాటించాయి. 1906 జనవరి 1 నుంచి 82.5 డిగ్రీల రేఖాంశపు కాలం, అంటే కాకినాడకు దగ్గరగా పోయే రేఖ కాలం, భారత ప్రామాణిక కాలమైంది. చెన్నైకీ హైదరాబాదుకూ మధ్య ఒకటిముప్పావు డిగ్రీల తేడా ఉంది కాబట్టి సూర్యుడు హైదరాబాదు నడినెత్తికి ఏడు నిమిషాలు ఆలస్యంగా వస్తాడు; గడియారం ఒకటే కావడం వల్ల ప్రయాణికుడికి ఆ తేడా తెలియదు.

ఆ పరిశీలనశాలకు అధిపతిగా ఉన్న జాన్ గోల్డింగ్‌హామ్ 1820–21లో చేసిన మరొక ప్రయోగం విమాన వేగాల సంగతి అర్థం చేసుకోవడానికి నేరుగా పనికివస్తుంది. సెయింట్ జార్జి కోటలోనూ సెయింట్ థామస్ మౌంట్ మీదా రోజూ పేల్చే ఫిరంగుల మెరుపు కనిపించిన క్షణానికీ మోత వినిపించిన క్షణానికీ నడుమ గడిచిన కాలాన్ని ఆయన నెలల తరబడి నమోదు చేయించాడు. మౌంట్ నుంచి నుంగంబాక్కానికి సుమారు 9 కిలోమీటర్లు, ఆ దూరం దాటడానికి ధ్వనికి దాదాపు 26 సెకన్లు పట్టేది, గాలి వేడిని బట్టి ఆ లెక్క నెల నెలకూ మారేది. చెన్నై ఎండలో 30 డిగ్రీల గాలిలో ధ్వని గంటకు దాదాపు 1,250 కిలోమీటర్ల వేగంతో పోతుంది, కాని జెట్ విమానాలు ఎగిరే పది పన్నెండు కిలోమీటర్ల ఎత్తులో, సున్నాకు 50 డిగ్రీలకు పైగా దిగువనున్న చలిలో, అది 1,060కి పడిపోతుంది. ప్రయాణికుల విమానాలు ధ్వని వేగంలో నూటికి 78 వంతుల దగ్గర నడిచేలా రూపొందుతాయి, అందుకే వాటి స్థిర వేగం 830 కిలోమీటర్ల దగ్గర నిలుస్తుంది. అంతకు మించి ధ్వని వేగానికి చేరువైతే రెక్కల మీది గాలి తీరు మారి నిరోధం ఒక్కసారిగా పెరుగుతుంది, ఇంధనం ఖర్చు భరించరానిదవుతుంది.

అయితే చెన్నై నుంచి హైదరాబాదు పోయే విమానం ఆ 830 వేగంతో నడిచేది ప్రయాణంలో ఒక చిన్న ముక్కే. చెన్నై ప్రధాన రన్‌వే తూర్పు–పడమరల వైపు చూస్తుంది. సముద్రపు గాలి, ఈశాన్య రుతుపవనం వీచేటప్పుడు విమానం గాలికి ఎదురుగా తూర్పుకు, నైరుతి గాలి బలంగా ఉన్నప్పుడు పడమరకు పరుగెత్తి లేస్తుంది. హైదరాబాదు మాత్రం ఉత్తరానికి కాస్త పడమరగా, దాదాపు 22 డిగ్రీల వాలులో ఉంది, కాబట్టి ఏ వైపు లేచినా తిరగక తప్పదు. తూర్పు వైపు లేచిన విమానం ముందు నగరం మీదుగా సముద్రం వైపు పోయి ఆ తరువాత ఎడమకు మళ్ళుతుంది, శంషాబాదు రన్‌వే కూడా తూర్పు పడమరలకే ఉండటంతో అక్కడా అలాంటి మలుపే తిరగాలి. పదివేల అడుగులకు లోపున వేగం 250 నాట్లు, అంటే గంటకు 463 కిలోమీటర్లు మించకూడదన్న నియమం ఉంది. పైకెక్కడానికి ఇరవై నిమిషాలు, రెండు వందల కిలోమీటర్లు పడుతుంది; దిగేటప్పుడు ప్రతి వెయ్యి అడుగులకు మూడు నాటికల్ మైళ్ళు ముందుగా దిగడం మొదలుపెట్టాలన్నది చోదకుల వాడుక లెక్క, దాని ప్రకారం 33,000 అడుగుల నుంచి దిగడానికి 180 కిలోమీటర్లకు పైగా కావాలి. 506 కిలోమీటర్లలోంచి ఈ ఎక్కుడూ దిగుడూ తీసివేస్తే సమతలంగా పోయే దూరం నూటికి కొంచెం పైచిలుకే మిగులుతుంది. పైకెక్కడం పూర్తయిన కాసేపటికే దిగుతున్నామన్న ప్రకటన వినిపించడం ఈ మార్గంలో తరచూ ప్రయాణించేవారికి అలవాటైన సంగతే.

ఆకాశంలో దారి కూడా పటం మీద పొట్టిగా గీసిన గీత కాదు. విమానాలు ముందుగా పేర్లు పెట్టిన బిందువులను కలుపుతూ నియంత్రణ కేంద్రం చెప్పిన ఎత్తుల్లో నడుస్తాయి, భారత గగనతలాన్ని పంచుకున్న ఢిల్లీ, ముంబై, కోల్‌కతా, చెన్నై విభాగాల్లో హైదరాబాదు చెన్నై విభాగం కిందికే వస్తుంది కాబట్టి ఈ ప్రయాణం మొదటి నుంచి చివరి దాకా ఒకే విభాగంలో సాగుతుంది. చెన్నై పక్క తాంబరంలోనూ హైదరాబాదు పరిసరాల్లో హకీంపేట, దుండిగల్‌లలోనూ వాయుసేన స్థావరాలున్నాయి, వాటి గగనతలాన్ని పౌర విమానాలు గౌరవించి తప్పుకోవాలి. శ్రీహరికోట నుంచి ఉపగ్రహ ప్రయోగం ఉన్న రోజు ఆ చుట్టుపక్కల ఆకాశాన్ని ముందుగా ప్రకటించిన వ్యవధి పాటు మూసివేస్తారు, చెన్నై నుంచి ఉత్తరానికి పోయే విమానాలు అప్పుడు వేరే దారి పడతాయి.

కాలపట్టికలో కనిపించే వ్యవధిని విమానయాన రంగంలో బ్లాక్ టైమ్ అంటారు. అది నేల విడిచింది మొదలు నేల తాకేదాకా ఉండే కాలం కాదు, బయలుదేరే చోట విమానం తన నిలుపు స్థలం నుంచి కదిలినప్పటి నుంచి గమ్యంలో నిలుపు స్థలంలో ఆగేదాకా పట్టే కాలం. రన్‌వే దాకా నెమ్మదిగా పోవడం, ముందున్న విమానాల వెనుక వరుసలో వేచివుండటం, దిగాక టెర్మినల్ దాకా మళ్ళీ పోవడం అన్నీ అందులో చేరతాయి. గాలిలో యాభై నిమిషాలో గంటో ఉంటే నేల మీద ఇంకో ఇరవై నిమిషాలు కలుస్తాయి. పైగా నిర్ణీత సమయానికి పదిహేను నిమిషాల్లోపు నడిచిన విమానాన్ని సకాలంలో నడిచినట్టే లెక్కిస్తారు కనుక, సంస్థలు రద్దీకి తగినట్టు కాలపట్టికలో కొంత వెసులుబాటు ముందే కలుపుకుంటాయి. గమ్యానికి పది నిమిషాలు ముందే చేరామన్న ప్రకటన చాలాసార్లు ఈ వెసులుబాటు ఫలితమే కాని విమానం ఎక్కువ వేగంగా పోవడం వల్ల కాదు.

ఈ వ్యవధి ఎలా తగ్గుతూ వచ్చి ఎక్కడ ఆగిపోయిందో చూడటం ఆసక్తికరం. 1932 అక్టోబరు 15న జె.ఆర్.డి. టాటా కరాచీ నుంచి బొంబాయికి తెచ్చిన విమాన తపాలాను నెవిల్ విన్‌సెంట్ మరుసటి రోజుకు బళ్ళారి మీదుగా మద్రాసు చేర్చాడు. తెలుగువారు గణనీయంగా ఉన్న బళ్ళారి అలా దక్షిణాది తొలి విమాన తపాలా దారిలో మజిలీ అయింది. హైదరాబాదులో 1930లలో బేగంపేట విమానాశ్రయం రూపుదిద్దుకుంది, నిజాం రాష్ట్ర రైల్వే, టాటా సంస్థ కలిసి పెట్టిన దక్కన్ ఎయిర్‌వేస్ రెండో ప్రపంచయుద్ధం ముగిశాక డీసీ–3 విమానాలతో మద్రాసు, హైదరాబాదు, నాగపూరు, ఢిల్లీలను కలిపింది. దేశంలో వాణిజ్య విమాన చోదకురాలైన తొలి మహిళ ప్రేమ్ మాథుర్ ఉద్యోగం చేసినది ఈ సంస్థలోనే. 1949లో మొదలైన రాత్రి విమాన తపాలా పథకంలో మద్రాసు, బొంబాయి, కలకత్తా, ఢిల్లీల నుంచి బయలుదేరిన విమానాలు నడిరాత్రి నాగపూరులో కలిసి ఉత్తరాల సంచులు మార్చుకుని తెల్లవారేసరికి తిరిగి పోయేవి. 1953లో దక్కన్ ఎయిర్‌వేస్ సహా దేశీయ విమాన సంస్థలు జాతీయమై ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిశాయి. గంటకు 300 కిలోమీటర్ల దగ్గర నడిచే డీసీ–3కి మద్రాసు–బేగంపేట దూరం దాటడానికి రెండు గంటలు పట్టేది, 1950ల చివర వచ్చిన వైకౌంట్, 1964లో వచ్చిన కారవెల్, 1970 తరువాతి బోయింగ్ 737 ఆ కాలాన్ని ఒక గంటకు దించాయి. అక్కడితో ఆ తగ్గుదల నిలిచిపోయింది. అర్ధశతాబ్దంగా ఇంజిన్లు ఇంధనాన్ని పొదుపు చేశాయి, చప్పుడు తగ్గించాయి, టికెట్టు మధ్యతరగతికి అందుబాటులోకి వచ్చింది, కాని గాలిలో గడిపే కాలం మాత్రం ఇంచుమించు 1970ల నాటిదే.

నిజానికి ఈ మార్గపు ఆకాశ దూరం 2008 మార్చిలో ఒక్క రోజులో 20 కిలోమీటర్లు తగ్గింది. నగరం నడిబొడ్డునున్న బేగంపేట నుంచి పౌర విమానాలు దక్షిణాన ఉన్న శంషాబాదుకు మారడంతో చెన్నై నుంచి 526గా ఉన్న దూరం 506 అయింది. అయితే సికింద్రాబాదులో ఇల్లున్నవారికి బేగంపేట అయిదారు కిలోమీటర్ల దూరంలో ఉండేది, శంషాబాదు ముప్పై కిలోమీటర్లకు పైమాట. గాలిలో రెండు నిమిషాలు మిగిలిన ప్రయాణికుడు నేల మీద ముప్పావుగంట అదనంగా పెట్టవలసి వచ్చింది. మెహదీపట్నం నుంచి పీవీ నరసింహారావు పేరిట కట్టిన పైవంతెన రహదారి 2009లో తెరుచుకోవడం వల్ల ఆ నష్టంలో కొంత తీరింది.

తెలుగు నేల ఆకారం దూరాల మీద చేసే పని విశాఖపట్నం, విజయవాడల విషయంలో ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. చెన్నై నుంచి విజయవాడ రైలులో 431 కిలోమీటర్లు, అక్కడి నుంచి సికింద్రాబాదు 350, విశాఖపట్నం కూడా 350. రైలు ప్రయాణికుడికి ఈ రెండు నగరాలూ చెన్నై నుంచి సమాన దూరంలో ఉన్నట్టే లెక్క. ఆకాశంలో మాత్రం హైదరాబాదు 506 అయితే విశాఖ 616 కిలోమీటర్లు. రైలూ రోడ్డూ కృష్ణా, గోదావరి దాటడానికి తీరం వెంట విజయవాడ దాకా లోపలికి పోయి మళ్ళీ తూర్పుకు తిరుగుతాయి, చెన్నైనీ విశాఖనూ కలిపే సూటి గీత మచిలీపట్నానికీ కాకినాడకూ తూర్పున బంగాళాఖాతం మీదుగా పోతుంది. విజయవాడకు ఆకాశ దూరం దాదాపు 397 కిలోమీటర్లు, రైలు దూరానికి పెద్దగా తీసిపోదు. పైగా ఈ మార్గంలో ఎక్కువగా నడిచే ఏటీఆర్ విమానం పంఖాలతో నడిచేది, దాని వేగం గంటకు 500 కిలోమీటర్ల దగ్గరే ఉంటుంది, అందువల్ల హైదరాబాదు పోయినంత సమయమే విజయవాడకూ పడుతుంది. విజయవాడ విమానాశ్రయం ఉన్న గన్నవరం నుంచి ఊళ్ళోకి ఇరవై కిలోమీటర్లు. సెంట్రల్ స్టేషను రెండు మూడు కిలోమీటర్లలోనే ఉన్న పురసవాక్కం వాసికి విజయవాడ ప్రయాణంలో విమానం మిగిల్చేది గంటో రెండు గంటలో మాత్రమే, దానికి చెల్లించే మూల్యం చాలా ఎక్కువ. 176 కిలోమీటర్ల దూరంలోని నెల్లూరు విషయంలో ఆ ఆలోచనే అక్కరలేదు. హైదరాబాదు, విశాఖలు మాత్రం రైలు రాత్రంతా నడవవలసిన దూరాలు కనుక అక్కడ విమానం తన ప్రయోజనాన్ని నిజంగా నిరూపించుకుంటుంది.

గాలి సంగతి చెప్పకుండా విమాన కాలం కథ పూర్తి కాదు. వేసవి రుతుపవన కాలంలో దక్షిణ భారతం మీద, సుమారు చెన్నై అక్షాంశం దగ్గరే, పద్నాలుగు పదహారు కిలోమీటర్ల ఎత్తులో తూర్పు నుంచి పడమరకు ఒక బలమైన గాలి ప్రవాహం సాగుతుంది. ఉష్ణమండల తూర్పు జెట్ ప్రవాహమని ప్రసిద్ధికెక్కిన దీన్ని 1950లలో శాస్త్రలోకానికి విపులంగా పరిచయం చేసినవారు తెలుగు వాతావరణ శాస్త్రవేత్త, తరువాత భారత వాతావరణ శాఖకు అధిపతి అయిన పంచేటి కోటేశ్వరం. రుతుపవనాల తీరును అర్థం చేసుకోవడంలో ఆయన కృషికి ఉన్న విలువ తెలుగు పాఠకులకు ఇంకా తగినంతగా చేరలేదు. ఈ గాలి అసలు బలం విమానాలు ఎగిరే ఎత్తుకు కొంచెం పైనే ఉన్నా, దాని దిగువ అంచు ప్రభావంతో జూన్ నుంచి ఆగస్టు వరకు చెన్నై నుంచి పడమరకు పోయే విమానాలకు తోడుగాలి, తూర్పుకు సింగపూరు వైపు పోయేవాటికి ఎదురుగాలి తగులుతుంది. హైదరాబాదు దారి ఉత్తరాభిముఖం కాబట్టి గాలి పక్క నుంచి తగిలి పోతుందే కాని కాలాన్ని పెద్దగా మార్చదు. 8,230 కిలోమీటర్ల చెన్నై–లండన్ మార్గంలో మాత్రం సంగతి వేరు: సమశీతోష్ణ మండలంలో పడమటి జెట్ ప్రవాహానికి ఎదురుగా లండన్ పోవడానికి పట్టే కాలం తిరుగు ప్రయాణం కంటే దాదాపు గంట ఎక్కువ ఉంటుంది. దూరం ఒక్కటే అయినా వెళ్ళే కాలం, వచ్చే కాలం వేరుకావడం అక్కడ ప్రతి ప్రయాణికుడూ గమనించగలడు.

ఇక పురసవాక్కం గుమ్మం దగ్గరికి వస్తే, ఆ పేట నుంచి మీనంబాక్కానికి సూటిగా పదిహేను కిలోమీటర్ల లోపే, రోడ్డు మీద పదిహేడు పద్దెనిమిది. పురసవాక్కం హైరోడ్డు, పూనమల్లి హైరోడ్డు రద్దీని బట్టి కారుకు ముప్పావుగంట నుంచి గంటంబావు దాకా పట్టవచ్చు. మెట్రో రైలు విమానాశ్రయానికి 2016లో చేరింది, పేటకు దగ్గరలోని నెహ్రూ పార్క్ స్టేషను 2017లో తెరుచుకుంది, అందువల్ల రద్దీతో నిమిత్తం లేకుండా గంటలోపు చేరే దారి ఒకటి ఏర్పడింది. మెట్రో రెండో దశ సొరంగం పురసవాక్కం కిందుగానే సాగుతోంది. విమానాశ్రయంలో తనిఖీలకు గంటన్నర, గాలిలోనూ నేల మీదా కలిపి గంటాపదిహేను నిమిషాలు, దిగాక సామాను కోసం అరగంట, శంషాబాదు నుంచి ఊళ్ళోకి గంట, అన్నీ కూడితే అయిదు గంటలు దాటుతుంది. ఆ లెక్కన ఇంటి నుంచి ఇంటికి సగటు వేగం గంటకు నూరు కిలోమీటర్ల దగ్గరే ఉంటుంది. ప్రయాణ కాలంలో మూడొంతులు నేల మీదే ఖర్చవుతోంది కాబట్టి, విమానాలను వేగంగా నడిపించడం కంటే విమానాశ్రయానికి పోయే దారులను, లోపలి తనిఖీ వరుసలను బాగుచేయడమే ప్రయాణికుడికి నిజంగా కాలం మిగిల్చే పని. ప్రభుత్వాలు పెట్టుబడుల గురించి ఆలోచించేటప్పుడు ముందు చూడవలసినది ఈ సంగతే.

విమానాశ్రయం ఎక్కడుందన్నది ఎంత ముఖ్యమో 2015 డిసెంబరు వరదల్లో చెన్నై ప్రత్యక్షంగా చూసింది. రెండో రన్‌వేను అడయారు నది మీద వంతెన కట్టి పొడిగించారు, ఆ నది పొంగి విమానాశ్రయం కొన్ని రోజులు మూతపడగా ఆరక్కోణం దగ్గరి రాజాలి నావికాదళ స్థావరం నుంచి ప్రత్యేక విమానాలు నడిచాయి, నగరవాసులు విమానం ఎక్కడానికి 70 కిలోమీటర్లు పోవలసి వచ్చింది. అంత దూరమే ఇప్పుడు శాశ్వత ప్రశ్నగా ముందుకొస్తోంది. నగరపు రెండో విమానాశ్రయాన్ని కాంచీపురం దగ్గర పరందూరులో నిర్మిస్తామని 2022 ఆగస్టులో తమిళనాడు ప్రభుత్వం ప్రకటించింది, ఏకనాపురం తదితర గ్రామాల రైతులు తమ చెరువులు, పొలాలు పోతాయని అప్పటి నుంచి వ్యతిరేకిస్తున్నారు. పరందూరు నుంచి శంషాబాదుకు ఆకాశ దూరం మీనంబాక్కం లెక్కకు కొంచెం తక్కువే కావచ్చు, కాని పురసవాక్కం నుంచి పరందూరుకు అరవై కిలోమీటర్లకు పైగా పోవాలి. పూనమల్లి నుంచి అక్కడికి మెట్రో పొడిగించాలన్న ప్రతిపాదన విమానాశ్రయంతో పాటే పూర్తయితే తప్ప, హైదరాబాదు పోయే దేశీయ విమానాలు మీనంబాక్కం నుంచే నడుస్తాయా, పరందూరుకు మారతాయా అన్న నిర్ణయం ఈ పేటలోని తెలుగు కుటుంబాల ప్రయాణ కాలాన్ని ఒక గంట అటో ఇటో మార్చివేస్తుంది.